చెరిపిన మచ్చ

ఇస్త్రీ దుకాణం, కిటికీ బల్ల
జనవరి 8

ఉడతా,

నువ్వు క్షేమంగా ఉన్నావనుకుని రాస్తున్నాను. అలా అనుకోకపోతే చెయ్యి కదలదు.

పొద్దున రేడియోలో చెప్పారు, సూర్యుడి మీద పెద్ద మంట లేచిందట. మీ అమ్మ చొక్కా కాలరు తిప్పి ఇస్త్రీ చేస్తూ "ఊఁ" అంది. అంతే! కడుపున పుట్టిన పిల్ల పోయి పోయి ఆ సూర్యుడి దగ్గరే ఉద్యోగంలో చేరితే ఊఁ ఏమిటి? గట్టిగా అడిగితే "అమ్మా, సూర్యుడు కోట్ల మైళ్ళ దూరం. అది కొండెక్కినంత మాత్రాన పక్కింటివాడైపోతాడా?" అని నవ్వింది. పక్కిల్లు కాకపోవచ్చు. కొంచెమైనా దగ్గరే కదా? కాలేది ఆ కొంచెంతోనే కదా?

నువ్వు వెళ్ళి మూడు వారాలైంది. ఒక్క ఉత్తరం వచ్చింది, అందులోనూ సగం మంచు గురించే. నేను అడిగినవి ఏవీ రాయలేదు. రోజంతా సూర్యుణ్ణి చూస్తే కళ్ళు ఏమవుతాయి? గొడుగు ఇస్తారా? మంట లేచినప్పుడు మీరంతా ఎక్కడికి పరిగెత్తుతారు? పరిగెత్తే దారిలో మెట్లున్నాయా? నీకు మెట్ల మీద పడే అలవాటుంది.

రోజూ ఉత్తరం రాయలేవని తెలుసు. ఏదో కాగితం మీద గీతలు గీస్తావట కదా, పనయ్యాక పారేసేది ఏదైనా ఉంటే అది పంపు. దాని మీద తారీకు ఉంటే చాలు. ఆ రోజు నీ చెయ్యి కదిలిందని నాకు తెలుస్తుంది.

అమ్మమ్మ

---

కొండ మీద, అద్దాల గది
జనవరి 15

అమ్మమ్మా,

సూర్యుణ్ణి నేను చూడను. సూర్యుణ్ణి చూసే ఉద్యోగంలో చేరి ఆయన వంక కన్నెత్తకపోవడమే ఇక్కడ మా గొప్ప! దూరదర్శిని ఆయన బొమ్మను తెచ్చి బల్ల మీద పడేస్తుంది, జానెడు వెడల్పున, గుండ్రంగా, మన పిండిజల్లెడంత. బల్ల మీద మెత్తటి అట్ట, అట్ట మీద పల్చటి కాగితం. వెలుగు గుండ్రంలో ఎక్కడైనా నల్లగా మచ్చ కనిపిస్తే దాని చుట్టూ పెన్సిలుతో గీస్తాను. తర్వాత దాన్ని పెద్ద పుస్తకంలోకి సిరాతో ఎక్కిస్తాను. పెన్సిలు కాగితం బుట్టలోకి పోతుంది. ఇక నుంచి బుట్టలోకి కాదు, నీకు వస్తుంది. వారానికో కట్ట.

మంట సంగతి విను. అది ఎక్కడ పడితే అక్కడ లేవదు. మచ్చల గుంపులు ఉన్నచోటే, వాటి నెత్తిమీదే లేస్తుంది. మచ్చలేమో సూర్యుడి నడుముకి పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, ఆ రెండింటిలోనే పుడతాయి. నెత్తిమీద పుట్టవు, పాదాల దగ్గర పుట్టవు. ఎంత పద్ధతైన మనిషో చూడు! పైగా రేడియోవాళ్ళు మంట అన్నది మొదలై పావుగంటలో అయిపోయింది. అప్పుడు నేను టీ తాగుతున్నాను. పరిగెత్తలేదు. మెట్లు పదకొండు, పడింది ఒక్కసారే.

ఉద్యోగం బాగుంది. మా పెద్దసారు మంచివారే, నవ్వరు గానీ.

నీ ఉడత

---

కిటికీ బల్ల
జనవరి 29

ఉడతా,

కాగితాలు అందాయి. తారీకు వరసలో పెట్టి, దారపు రీళ్ళ సొరుగు ఖాళీ చేసి అందులో దాచాను. మీ అమ్మ "రీళ్ళు నా నెత్తిన పెట్టుకోనా?" అంటోంది. పెట్టుకోమన్నాను.

కానీ ఇరవయ్యో తారీకు కాగితంలో ఏమీ లేదు. ఇరవై ఒకటిలోనూ ఏమీ లేదు. ఉత్త గుండ్రం! నా మీద కోపమా? జ్వరమా? చెప్పకుండా సెలవు పెట్టావా? రెండు రాత్రులు నిద్ర పోలేదు. మూడో రాత్రి కూడా పోకపోదును గానీ తర్వాతి కట్టలో ఇరవై రెండు కాగితం మీద మళ్ళీ ఒకటి ఉంది.

ఇంకో సంగతి. పదమూడున ఒక మచ్చ కుడి అంచుకి చేరింది కదా, మర్నాటికి లేదు. ఏమైంది దానికి? పడిపోయిందా?

నువ్వు రాసిన పట్టీల సంగతి మాత్రం బాగుంది. నలభై ఏళ్ళుగా చిరుగులు అల్లుతున్నాను, నాకు తెలీదా? బట్ట ఎక్కడ పడితే అక్కడ చిరగదు. మోచెయ్యి దగ్గర, మోకాలి దగ్గర, కూర్చునేచోట చిరుగుతుంది. ఎక్కడ లాగుడుందో అక్కడ. కోటు తెచ్చి ఇస్తే, ఆ మనిషి ఏం పని చేస్తాడో చిరుగుని బట్టి చెప్తాను. మరి సూర్యుడికి ఆ రెండు పట్టీల దగ్గర లాగుడేమిటి? అక్కడ ఏం రాసుకుంటోంది? మీ పెద్దసారుని అడిగి రాయి. ఆయన నవ్వకపోతే మరీ మంచిది.

అమ్మమ్మ

---

అద్దాల గది
ఫిబ్రవరి 6

అమ్మమ్మా,

నీ ప్రశ్న పెద్దసారుకి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని "ఎవరీవిడ?" అన్నారు. "చిరుగులు అల్లే ఆవిడండీ, మా అమ్మమ్మ" అన్నాను. "మా విద్యార్థులు రెండో ఏడాది అడిగే ప్రశ్న ఈవిడ రెండో ఉత్తరంలో అడిగింది" అన్నారు. నవ్వలేదు గానీ మూతి కొంచెం వంకర పోయింది.

జవాబు నీ దగ్గరే ఉంది. సూర్యుడు మన భూమిలా గట్టి బంతి కాదు. నడుము దగ్గర తొందరగా తిరుగుతాడు, ఇరవై అయిదు రోజులకో చుట్టు. తల దగ్గర బద్ధకం, ముప్పై దాటాల్సిందే. నువ్వూ అమ్మా తడి దుప్పటి పిండేటప్పుడు ఏమవుతుంది? నువ్వొకలా, అమ్మొకలా తిప్పితే మెలిపడి మెలిపడి ఒకచోట ముడి పైకి లేస్తుంది కదా? ఆయన లోపల అయస్కాంతపు దారాలున్నాయి. అవి అలాగే మెలిపడి, ఉచ్చులై పైకి పొడుచుకొస్తాయి. పొడుచుకొచ్చినచోట మచ్చ. ఆ ఉచ్చు తటాలున తెగి అతుక్కుంటే మంట.

అంచున పోయిన మచ్చ పడిపోలేదు. సూర్యుడితో పాటు వెనక్కి తిరిగింది. ఆయుష్షుంటే రెండు వారాలకి ఎడమ అంచున వస్తుంది.

ఉత్త గుండ్రానికి కంగారుపడకు. మచ్చలకి పదకొండేళ్ళకో వరస ఉంది. వరస మొదట్లో నడుముకి బాగా దూరంగా పుడతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ పుట్టేచోటు నడుము వైపు జరుగుతుంది. ఇప్పుడు పాత వరస చివర్లో ఉన్నాం, అందుకే అన్నీ నడుముని అంటిపెట్టుకునే ఉన్నాయి, కొన్ని రోజులు అసలే ఉండవు. ఏదో ఒకరోజు ఎక్కడో పైన, లేదా కింద, దూరంగా ఒక పిల్లమచ్చ కనిపిస్తుంది. అదే కొత్త వరసకి మొదటిది! కొండ మీద అందరూ దాని కోసమే కాచుకుని ఉన్నారు.

నేను మొన్న ఒక దుమ్ము నలుసుని మచ్చ అని గీశాను. అద్దం తుడిస్తే పోయింది. గదిలో అందరూ నవ్వారు. పెద్దసారు మాత్రం "గీసినందుకు తప్పులేదమ్మా. అనుమానముంటే పక్కన ప్రశ్నగుర్తు పెట్టు. చెరపడం మాత్రం ఎప్పుడూ వద్దు" అన్నారు.

అన్నట్టు, నీ ఉత్తరంలో వరసలు కొండెక్కుతున్నాయేం? చివరి పేజీలో రెండు వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి.

నీ ఉడత

---

కిటికీ బల్ల
మార్చి 2

ఉడతా,

వరసలు కొండెక్కాయంటే బల్ల కాలు ఒకటి పొట్టిది. పెన్ను కూడా మంచిది కాదు. అది వదిలెయ్.

మచ్చ తిరిగి వచ్చింది! జనవరి ఇరవై ఏడున ఎడమ అంచున ఉన్నది అదే కదా? బాగా చిక్కిపోయి వచ్చింది. ఆ వెనక ఏం తిన్నదో ఏమో. కింద వాటాలోకి కొత్తగా వచ్చిన టీచరమ్మకి చెప్తే "మామ్మగారూ, మీరు మచ్చలకి కూడా బెంగపడుతున్నారా" అంది. మనుషులకి పడగా మిగిలింది పడుతున్నాను.

అసలు అడగాల్సింది ఇది. ఫిబ్రవరి పంతొమ్మిది కాగితంలో నడుము దగ్గర రెండున్నాయి, సరే. పైన, చాలా పైన, ఎడమ పక్కగా ఆవగింజంతది ఇంకొకటి ఉంది కదా, దాని గురించి ఒక్క ముక్క రాయలేదేం? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు అదొక్కటే అంత దూరాన ఎందుకుంది? నువ్వు చెప్పిన పిల్లమచ్చ అదేనా? మర్నాటి కాగితంలో లేదు. పాపం ఒక్కరోజు బిడ్డ.

అమ్మమ్మ

---

అద్దాల గది
మార్చి 9

అమ్మమ్మా,

పంతొమ్మిదిన పైన ఎడమ పక్క ఏమీ లేదు. పెద్ద పుస్తకంలో కూడా చూశాను. నడుము దగ్గర రెండే. కాగితంలో ఏదో మడత అయ్యుంటుంది.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. తర్వాత వివరంగా రాస్తాను.

ఉడత

---

కిటికీ బల్ల
మార్చి 15

ఉడతకి,

సరే తల్లీ. మడతే అయ్యుంటుంది. నాలుగో తరగతి దాటనిదాన్ని, నాకేం తెలుసు. మడతకీ మచ్చకీ తేడా తెలీకుండానే నలభై ఏళ్ళు జనం కోట్లు అల్లాను కాబోలు.

నీ ఉత్తరం ఆరు వరసలే ఉంది. టీచరమ్మ కూడా "ఇంతేనా?" అంది. ఒంట్లో బాగుందా? ఎవరైనా ఏమైనా అన్నారా? మీ పెద్దసారు అన్నారా? అంటే చెప్పు, నేను ఉత్తరం రాస్తాను.

అమ్మమ్మ

(కవరు వెనక, వేరే దస్తూరీలో:) ఏమే, కవరు అంటిస్తూ రెండు ముక్కలు రాస్తున్నాను, ముసలావిడకి చెప్పకు. నిన్న నల్లకోటుకి నీలం దారంతో అల్లింది. "ఈ వెలుగులో నలుపే" అని వాదిస్తోంది. మన దుకాణంలో ఇలా ఎప్పుడూ జరగలేదు. పైగా నీ ఉత్తరాలు కింద టీచరమ్మ దగ్గరికి ఎందుకు పట్టుకెళ్తుందో నాకు అంతుపట్టడం లేదు. నువ్వే కనుక్కో. -అమ్మ

---

అద్దాల గది
ఏప్రిల్ 3

అమ్మమ్మా,

ఈ ఉత్తరమంతా నీకు రాయకూడదనుకున్న సంగతులే. కూర్చుని చదువు. చదివించుకుంటుంటే టీచరుగారిని కూడా కూర్చోబెట్టు.

నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నాలుగు నెలలు చూసి, బొమ్మలు నమ్మదగ్గవనిపిస్తే ఉంచుతామన్నారు. ఈ నెలాఖరుకి గడువు. నీకు చెప్తే నిద్ర మానేస్తావని చెప్పలేదు.

మొన్న వేరే కొండ మీదివాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఫిబ్రవరి పంతొమ్మిది పొద్దున మబ్బుల సందులో వాళ్ళకొక చిన్న మచ్చ కనిపించిందట. నడుముకి చాలా పైన, కుడి పక్క. దాని అయస్కాంతం పాతవాటికి తలకిందులుగా ఉందట. అంటే అదే, అమ్మమ్మా. కొత్త వరసలో మొదటిది. రెండో కంటితో కూడా రూఢి అయితేనే దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఆ పొద్దున ఇంకెవరు చూశారని అందర్నీ అడుగుతున్నారు. మిగతా కొండలన్నిటి మీదా ఆ రోజు మబ్బే.

నేను చూశాను. ఎనిమిదింబావుకి చూశాను, గీశాను కూడా. అంతలో మబ్బు కమ్మింది. మధ్యాహ్నం వెలుగొచ్చాక చూస్తే లేదు. నడుముకి అంత దూరంలో రెండేళ్ళుగా ఏదీ పుట్టలేదు. మళ్ళీ దుమ్ము నలుసే అనుకున్నాను. మళ్ళీ అందరూ నవ్వుతారనుకున్నాను. రబ్బరు తీసి చెరిపేశాను. పుస్తకంలోకి ఎక్కించలేదు.

నీ మార్చి ఉత్తరం చదివి, నేను చెరిపింది బయటపడిపోయిందనుకున్నాను. తర్వాత "ఎడమ పక్క" అని చూసి ఊపిరి పీల్చుకున్నాను. నేను చెరిపింది కుడి పక్కది. అందుకే ధైర్యంగా, ఏమీ లేదని రాసేశాను. నిజమే రాశాను, అబద్ధంలాంటి నిజం.

నిన్న పెద్దసారు అడక్కముందే వెళ్ళి చెప్పాను. "చూశానని ఇవాళ అందరూ అనొచ్చమ్మా. కాగితం ఏమంటుంది?" అన్నారు. కాగితం నీ సొరుగులో ఉంది.

అందులో ఏమైనా మిగిలి ఉంటుందా? గట్టిగానే చెరిపాను. అసలు నువ్వు చెప్పిన ఆ ఎడమ పక్క ఆవగింజ ఏమిటి?

ఇంకో ప్రశ్న, దీనికి తప్పించుకోకుండా జవాబు చెప్పు. నీ కళ్ళకేమైంది?

ఉడత

---

కిటికీ బల్ల
ఏప్రిల్ 9

నా తల్లీ,

ముందు నీ ప్రశ్నకి జవాబు, లేకపోతే రెండోదానికి జవాబు రాదు.

నాకు కళ్ళు కనపడటం లేదు. మరీ లేకపోలేదు. పాలగ్లాసులోంచి చూసినట్టుంటుంది. పోయినేడు వానల ముందు మొదలైంది. చెప్తే మీ అమ్మ సూది లాక్కుంటుంది, నువ్వు ఉద్యోగం మానుకుని వచ్చి కూర్చుంటావు. రెండూ ఇష్టం లేదు. నీ ఉత్తరాలు టీచరమ్మ చదువుతుంది, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. రాయడం మాత్రం నేనే. చేతికి అలవాటు, కళ్ళతో పనిలేదు. కోటు మట్టుకు పట్టుబడింది.

మరి నీ కాగితాలు ఎలా చూశానంటావా? చూడలేదు. తడిమాను. మన పనిలో చిరుగు వెతకాలంటే బట్ట తిరగేస్తాం. ముందు వైపు నునుపు మోసం చేస్తుంది, వెనక వైపు చెయ్యి పెడితే ఒక్క పోగు తెగినా తెలుస్తుంది. నువ్వు పెన్సిలు నొక్కి గీస్తావు, చిన్నప్పుడూ అంతే, పలక విరగ్గొట్టేదానివి. నీ కింద ఉండేదేమో మెత్తటి అట్ట. కాగితం తిరగేస్తే ప్రతి మచ్చా బొడిపెలా వేలికి తగులుతుంది. గుండ్రం అంచు మీద పైకీ కిందికీ, కుడికీ ఎడమకీ నువ్వు గీసిన నాలుగు గుర్తులూ తగులుతాయి, తారీకు మాత్రం టీచరమ్మ చదివిపెట్టేది. రోజూ పొద్దున అలా నీ చెయ్యి పట్టుకున్నట్టు ఉండేది.

తిరగేసి తడిమాను కాబట్టి నాకు ఎడమ, నీకు కుడి. మిగతా మచ్చలన్నీ ఉత్తరంలో రాసేటప్పుడు గుర్తుపెట్టుకుని మార్చి రాసేదాన్ని. అదొక్కటి కంగారులో మార్చలేదు. చూడు, బిడ్డ మీద బెంగపడి బిడ్డనే తప్పు గదిలో పడుకోబెట్టాను!

నీ ఉత్తరం విన్నాక ఇక ఆగలేదు. మీ అమ్మని పిలిచి అంతా చెప్పేశాను, కళ్ళ సంగతితో సహా. తిట్టింది. తిడుతూనే సొరుగు లాగి ఆ కాగితం తీసింది. ముందువైపు చూస్తే తెల్లగా ఉంది, రబ్బరు అంతా తినేసింది. బల్లదీపాన్ని కిందికి దించి వెలుగు పక్కనుంచి పడేలా పెట్టమన్నాను. కోటు మీద గుంటలు అలాగే వెతుకుతాం. "అమ్మా, ఉందే! గుంటలా ఉంది!" అని అరిచింది. అరిచి ఏం చేసిందో తెలుసా? "అయ్యో, కాగితం నలిగిపోయింది, పెద్దవాళ్ళు చూసేది" అని ఇస్త్రీపెట్టె ఎత్తింది! అలవాటు తల్లీ, అలవాటు. నేను కేక పెట్టి చెయ్యి పట్టుకున్నాను. ఒక్క రుద్దు రుద్ది ఉంటే బొడిపె చదునై, నీ ఉద్యోగం కూడా చదునయ్యేది. నా చేతికి కాస్త కాలింది, చిన్నదే, మందు రాశాను, దాని గురించి అడగకు.

కాగితాన్ని రెండు అట్టల మధ్య, అట్టలకీ దానికీ నడుమ దూది పరిచి, చుట్టూ దారంతో కుట్టాను. కాగితంలోకి సూది దిగలేదు, మీ అమ్మ దగ్గర కూర్చుని చూసింది. తెల్లదారం ముడి ఉన్న మూల పైకి రావాలి. రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాం. పోస్టాయనకి మూడుసార్లు చెప్పాను, నాలుగోసారి చెప్పబోతే కిటికీ వేసేశాడు. తడవకుండా చూడు. ఎండలో పెట్టకు. మీ పెద్దసారుని దాని మీద కప్పు పెట్టొద్దను.

ఇది చాలకపోతే? చాలకపోతే ఇంటికి రా. నీకు అల్లడం నేర్పుతాను. కానీ చాలాలి.

అమ్మమ్మ

---

అద్దాల గది
ఏప్రిల్ 18

అమ్మమ్మా! అమ్మమ్మా!

చాలింది.

మొదట్నుంచీ చెప్తాను, నువ్వు చివరిమాట ముందే విన్నావు కాబట్టి నెమ్మదిగా విను. కట్ట తెచ్చి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన కత్తెర తీస్తే "ఆగండి, తెల్లముడి మూల పైకి రావాలట" అన్నాను. "ఎవరి ఆజ్ఞ?" "మా అమ్మమ్మదండీ." కత్తెర తిప్పి పట్టుకున్నారు. ఒక్కో కుట్టూ విప్పి "ఇన్ని కుట్లెందుకమ్మా?" అంటే "ఆవిడకి బెంగ ఎక్కువండీ" అన్నాను. "ఒక్కొక్కటీ సరిగ్గా ఒకే కొలత" అన్నారు. నీకు కనపడకుండా వేసిన కుట్లు, అమ్మమ్మా!

కిటికీలు మూసి దీపం పక్కనుంచి పెట్టారు. పైన, కుడి పక్క, గుంట. చిన్న సున్నా, దాని పక్కనే నేను రాసిన ఎనిమిదింబావు కూడా గుంటగా ఉంది, నేనే మర్చిపోయాను! ఆయన కొలబద్ద పెట్టి కొలిచారు. అవతలి కొండవాళ్ళ కొలత పక్కన రాసుకున్నారు. రెండూ ఒకటే, వెంట్రుకవాసి తేడా. అప్పుడాయన ఒక పని చేశారు. కాగితం తిరగేసి, కళ్ళజోడు తీసి, కళ్ళు మూసుకుని వేలితో మెల్లగా తడిమారు. చాలాసేపు వెతికారు, వేలు రెండుసార్లు దాటిపోయింది. మూడోసారి ఆగింది.

"ఇదా?" అన్నారు.

"అదేనండీ."

నవ్వారు! పళ్ళు కనపడేలా. ఆ పళ్ళు ఇక్కడ ఎవరూ చూడలేదు. గుమాస్తా పక్కగదిలోంచి పరిగెత్తుకొచ్చాడు.

పెద్ద పుస్తకంలో పంతొమ్మిదో తారీకు కింద నాచేతే రాయించారు: "ఎనిమిదింబావుకి ఒక మచ్చ, పై పట్టీలో, కుడివైపు. గీసినామె అనుమానంతో చెరిపింది. కాగితపు వెనకవైపు తడిమి ఆమె అమ్మమ్మ కనుగొన్నది." పుస్తకంలో మనుషుల బంధుత్వాలు రాయరు అన్నాను. "ఈ ఒక్కచోట రాస్తారు" అన్నారు.

తర్వాత మందలించారు. మెత్తగా కాదు. "ఇందులో చూడలేకపోవడం తప్పు కాదు. చూసింది లేదనుకోవడం తప్పు. నవ్వుతారని చెరిపిన చెయ్యి రేపు భయంతో లేనిది గీస్తుంది కూడా" అన్నారు. ఆయన నా రబ్బరు తీసుకుని, నీ కట్ట విప్పిన దారమే దానికి కట్టి, గోడమేకుకి వేలాడదీశారు. నా బల్ల నుంచి చెయ్యి చాపినా అందదు. ఆ తర్వాత సొరుగులోంచి ఉద్యోగం ఖాయమైన కాగితం తీసి ఇచ్చారు. తారీకు చూస్తే నేను వెళ్ళి తప్పు ఒప్పుకున్న మర్నాటిది. "మరి ఇన్నాళ్ళూ ఎందుకు ఇవ్వలేదండీ?" అంటే "మచ్చ దొరుకుతుందేమోనని. రెండూ ఒకేసారి ఇస్తే బాగుంటుంది కదా" అన్నారు!

ఇప్పుడు నా షరతు. సెలవు దొరికింది, వచ్చే వారం వస్తున్నాను. వచ్చిన మర్నాడే నిన్ను కంటి ఆసుపత్రికి తీసుకెళ్తాను. శుక్లం అంటారు దాన్ని, పొర తీసి అద్దం పెడతారు. నీకు భయమని తెలుసు. పక్కనే కూర్చుంటాను, నా చెయ్యి పట్టుకో, ఈసారి కాగితం మీదది కాదు, అసలుది.

నీ ఉడత

---

కిటికీ బల్ల
జూన్ 20

ఉడతా,

ఇది కళ్ళతో చూస్తూ రాస్తున్నాను. వరసలు చూడు, తాడు కట్టినట్టున్నాయి. బల్ల కాలు పొట్టిదేమీ కాదు.

రెండో కంటి కట్టు కూడా విప్పారు. అప్పట్నుంచీ ఒకటే తిప్పలు. ఇంట్లో ఇంత దుమ్ముందని ఎవరూ చెప్పలేదేం? మీ అమ్మకి జుట్టు ఇంత నెరిసిందేం? అడిగితే "నువ్వు చూడనప్పుడే నెరిసిందిలే, ఇప్పుడు మాత్రం నల్లబడుతుందా" అంది. టీచరమ్మ నేననుకున్నదానికన్నా పదేళ్ళు చిన్నది, ఇన్నాళ్ళూ పెద్దావిడ అనుకుని అండీ అండీ అన్నాను. ఆ నల్లకోటాయన్ని పిలిపించి నీలం దారం విప్పి మళ్ళీ అల్లి ఇచ్చాను. ఆయన "నాకు నీలమే బాగుందండీ, అందరూ ఎక్కడ కుట్టించావని అడుగుతున్నారు" అన్నాడు. మనుషులకి బుద్ధి ఉండదు.

నీ కాగితాలన్నీ బయటికి తీసి మొదటిసారి కళ్ళతో చూశాను. నిజం చెప్పనా? వేలికి తెలిసినంత బాగా లేవు. ఏవో గీతలు. రెండు నిమిషాలు చూసి, కళ్ళు మూసుకుని, తిరగేసి మళ్ళీ తడిమాను. అప్పుడు నీ చెయ్యి తెలిసింది. కళ్ళొచ్చాయి కదా అని వేళ్ళకి సెలవివ్వను.

పోయిన వారం కట్టలో పైన రెండు, కింద ఒకటి ఉన్నాయి. పై రెండూ అక్కాచెల్లెళ్ళలా పక్కపక్కనే. మన పిల్లమచ్చ ఒంటరిది కాదన్నమాట, ముందొచ్చిందంతే. నాకు ఎంత ఊరట కలిగిందో! ఉండబట్టలేక దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాను. ఒకావిడ దుప్పట్లు మర్చిపోయి వెళ్ళింది.

ఇప్పుడు కొత్త బెంగ. ఇవి ఇక నడుము వైపు జరుగుతూ జరుగుతూ రావడానికి పదకొండేళ్ళన్నావు. పదకొండేళ్ళు! నాకిప్పుడు డెబ్బై మూడు. మధ్యలో వాటిని వదిలేసి ఎలా పోతాను? తీరా పోయాక అవి సరిగ్గా చేరాయో లేదో నాకెవరు చెప్తారు? డాక్టరుని అడిగాను, "ఎనభై నాలుగు దాకా ఉంటానా" అని. "మీ బెంగలు చూస్తే తొంభై దాటేలా ఉన్నారు, బెంగపడటానికి ఓపిక కావాలి కదా" అన్నాడు. కొంచెం ధైర్యం వచ్చింది.

అందుకని రెండో సొరుగు కూడా ఖాళీ చేశాను. మీ అమ్మ రీళ్ళు నిజంగానే నెత్తిన పెట్టుకుని "చాలా ఇక?" అని అడిగింది. ఇంకా మూడు సొరుగులున్నాయని చెప్పాను.

కాగితాలు పంపు. గట్టిగా నొక్కి గియ్యి.

అమ్మమ్మ